మడ అడవిలో ముద్ర పడింది

నేను ఇంజనీరునయ్యాను. పట్టా చేతికొచ్చి రెండేళ్ళు దాటినా, అయ్యానని నాకు నమ్మకం కుదిరింది మాత్రం మొన్న జనవరిలో ఒక శుక్రవారం, ఖతార్ ఉత్తరపు ఒడ్డున, మోకాలి లోతు బురదలో నిలబడి ఉన్నప్పుడు. ఆ కబురు కనబడ్డవాళ్ళందరికీ చెప్పేశాను. మా బిల్డింగ్ లిఫ్ట్‌లో ముఖపరిచయం కూడా లేని ఫిలిప్పీన్స్ ఆవిడకు చెబితే, ఆవిడ చేతిలో ఉన్న కేకు ముక్క నా చేతిలో పెట్టింది. ఇప్పుడు కాస్త నెమ్మదిగా, మొదటి నుంచి చెబుతాను.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. మాది జగిత్యాల దిక్కు ఒక పల్లె. బాపు ఇరవై రెండేళ్ళుగా ఖతార్‌లో స్టీల్ ఫిక్సర్. అంటే పిల్లర్లకూ స్లాబులకూ ఇనుప చువ్వలు కట్టే పని. ఉండేది ఇండస్ట్రియల్ ఏరియా పక్కన బర్వా అల్ బరాహాలో, గదికి నలుగురు. మా అవ్వ (మా వైపు అమ్మను అవ్వ అనే అంటాం) బీడీలు చుడుతుంది. సివిల్ ఇంజనీరింగ్ చదివిన నాకు దోహాలోనే ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో పని దొరికింది. అల్ ముంతజాలో మరో ముగ్గురు అమ్మాయిలతో ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఊహ తెలిసిన దగ్గర్నుంచి బాపును రెండేళ్ళకోసారి, రెండు నెలలు మాత్రమే చూసిన నాకు, ప్రతి శుక్రవారం చూడగలగడమే పెద్ద పండగ.

అయితే నన్ను తీసుకున్నది ట్రైనీగా. ఆరు నెలల్లోగా ఒరిజినల్ డిగ్రీ వెనక ముద్రలన్నీ వేయించి తెస్తే ఇంజనీరు, లేకపోతే టికెట్ ఇచ్చి వెనక్కి పంపేస్తారు. హైదరాబాద్‌లో ఒక ముద్ర, ఢిల్లీలో ఒకటి, ఆ తర్వాత ఖతార్ ఎంబసీ వాళ్ళది. అందరి డిగ్రీలకూ వెనక కాగితం ఉంటుంది. నా డిగ్రీకి వెనక ప్లాస్టిక్ ఉంది.

ఆ ప్లాస్టిక్ బాపుది. బాపు పదో తరగతి పాసయ్యాడు. ఖతార్ వచ్చిన కొత్తలో ఫోర్‌మన్ అయ్యే అవకాశం వస్తే, ఏదైనా స్కూలు కాగితం చూపించమన్నారు. ఇంట్లో రేకుపెట్టె అడుగున ఉన్న ఆ మెమోను అప్పటికే చెదలు తినేశాయి. ఇంకో కాపీ తెప్పించుకునేలోపు ఆ పని మరొకరికి పోయింది. అప్పటి నుంచి సెలవు మీద ఇంటికి రాగానే బాపు చేసే మొదటి పని, కొత్తగా వచ్చిన కాగితాలన్నీ పోగేసి జగిత్యాలలో లామినేషన్ చేయించడం. రేషన్ కార్డు, అవ్వ బీడీ కార్డు, నా ఐదో తరగతి ముగ్గుల పోటీ సర్టిఫికెట్, ఒకసారి కరెంటు బిల్లు కూడా. "మా ఇంట్ల ప్లాస్టిక్ తొడగనిది మ్యాక ఒక్కటే" అని అవ్వ దెప్పేది.

నా డిగ్రీ సరిగ్గా బాపు సెలవులో ఉన్నప్పుడే వచ్చింది. మర్నాడు నేను లేచేసరికి పట్టా లేదు, బాపు లేడు. మధ్యాహ్నం దాన్ని గుండెకు హత్తుకుని తిరిగొచ్చాడు.

"అన్నిట్ల మందం కవర్ ఏపిచ్చిన బిడ్డా. చెదలు గాదు, ఎలుక కొరికినా దాని పండ్లే ఇరుగుతయి" అన్నాడు.

లామినేషన్ చేసిన కాగితం మీద ఎవరూ ముద్ర వేయరని అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. దోహాలో ఆఫీసు వాళ్ళు చెప్పాకే తెలిసింది. బాపుకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అవ్వకు మాత్రం చెప్పాను. ఇంట్లోనే ఉన్న ఆ డిగ్రీ పట్టుకుని అవ్వ హైదరాబాద్ వెళ్ళింది. అక్కడ లామినేషన్ ఊడదీసే దుకాణం ఒకటుందని ఎవరో చెప్పారు. సాయంత్రం ఫోన్ చేసి "ఊడొచ్చింది" అంది. ఎట్లా అని అడిగితే "ఎట్లనో అట్ల" అంది. ఒక మూల, సంతకం దగ్గర, కాగితం పైపొర కొంచెం లేచిపోయిందని మాత్రం చెప్పింది. ఆ మూల చూసి ఏదో ఒక ఆఫీసు కాదంటుందేమోనని నాకు భయం. హైదరాబాద్ ముద్ర పడింది. ఢిల్లీ ముద్ర పడింది. ఎంబసీ దగ్గర మాత్రం మూడు వారాలుగా ఉలుకూ పలుకూ లేదు. శుక్రవారం నాడు కాగితం హైదరాబాద్ ఏజెంటు దగ్గరికి తిరిగొస్తుందని, అవ్వ వెళ్ళి తెచ్చుకోవచ్చని కబురొచ్చింది. ముద్రతో వస్తుందో, ఉత్తగా వస్తుందో ఏజెంటుకూ తెలియదు. నా ఆరు నెలలు ఆ తర్వాతి బుధవారంతో సరి.

అందుకే ఆ శుక్రవారం బాపును పర్పుల్ ఐలాండ్‌కు తీసుకెళ్ళాలనుకున్నాను. వెనక్కి వెళ్ళిపోవాల్సి వస్తే, ఈ దేశంలో బాపూ నేనూ కలిసి చూసిన చోటు ఒక్కటైనా ఉండాలి కదా. ఆ మాట బాపుకు చెప్పలేదు. పడవ ఎక్కుదాం రమ్మన్నాను, అంతే.

పొద్దున్నే మెట్రో స్టేషన్ బయట కలిశాం. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, డ్యూటీ బూట్లు తుడుచుకుని వచ్చాడు. చేతిలో స్టీలు డబ్బా. క్యాంప్ వంటగదిలో తెల్లారుజామునే లేచి సర్వపిండి చేశాడట. మెడలో ఎప్పుడూ ఉండే ప్లాస్టిక్ సంచీ. అందులో బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, బ్యాంకు కార్డు, సైటులోకి వెళ్ళడానికి కావలసిన సేఫ్టీ కార్డు. ఆ సేఫ్టీ కార్డు ఒక మూల గోధుమరంగుకు తిరిగి, ముడుచుకుపోయి ఉంది.

"ఇదేంది బాపు, కాలినట్టున్నది?"

"పొయ్యి కాడ పడ్డది" అని సంచీని చొక్కా లోపలికి దోపుకున్నాడు.

పడవల కంపెనీ వ్యాన్ మమ్మల్ని ఎక్కించుకుంది. అల్ ఖోర్ దాకా గంట దారి. రెండు వైపులా ఎడారి, కరెంటు స్తంభాలు, అక్కడక్కడా ఒంటెలు. బాపు కిటికీ వదల్లేదు.

"ముప్పై అంతస్తుల మీదికెల్లి సముద్రం మస్తు సూసిన. కిందికి దిగి ఎన్నడు సూళ్ళే" అన్నాడు.

"ఎందుకు సూళ్ళే?"

"ఎవ్వడు తోల్కపోతడు? నువ్వు అచ్చే దాకా ఆగిన."

నేను మాట మార్చి సర్వపిండి అడిగాను. అంచులు కరకరలాడుతున్నాయి, మధ్యలో శనగపప్పు తగులుతోంది. వ్యాన్‌లో మాతో ఉన్న ఇద్దరు జర్మన్లకు కూడా బాపు చెరో ముక్క పెట్టి, వాళ్ళు కారానికి కళ్ళు తుడుచుకుంటుంటే సంతృప్తిగా చూశాడు.

పర్పుల్ ఐలాండ్ అంటే పెద్ద దీవేమీ కాదు. ఒడ్డును ఆనుకుని ఉన్న చిన్న దిబ్బ, దాని చుట్టూ మడ అడవి. పూర్వం ఎప్పుడో ఇక్కడ సముద్రపు నత్తల నుంచి ఊదా రంగు తీసేవాళ్ళట, ఆ పేరు అలా వచ్చింది. దోహాలోని అద్దాల మేడలు చూసి చూసి ఉన్న కళ్ళకు ఆ పచ్చదనం ఒక్కసారిగా నమ్మశక్యం కాలేదు. ఇసుక రంగు తప్ప మరో రంగు లేని దేశంలో, ఎవరో పక్కకు తీసి దాచిపెట్టుకున్నట్టు ఉంది.

మా గైడ్ నేపాలీ. బాపుకు లైఫ్ జాకెట్ తొడిగి బకిళ్ళు పెట్టాడు. బాపు అన్నీ ఒకటికి రెండుసార్లు లాగి చూసుకుని, జాకెట్ వెనకా ముందూ తడుముకున్నాడు.

"హుక్ కహాఁ హై?" అని అడిగాడు.

"కైసా హుక్, చాచా?"

ఇరవై రెండేళ్ళుగా ఎత్తు మీద పనిచేసే మనిషి. నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, తాడు చివర హుక్కు, ఆ హుక్కు ఎక్కడో గట్టి కడ్డీకి తగిలించాకే అడుగు ముందుకు. హుక్కు లేని జాకెట్ బాపుకు అర్థం కాలేదు.

"చాచా, గిరేగా తో పానీ మే గిరేగా. హుక్ నహీ చాహియే." పడితే నీళ్ళలోనే కదా పడేది, హుక్కెందుకని అతని మాట.

"పానీ మే గిరేగా, ఔర్ హుక్ భీ నహీ. అచ్ఛా కంపెనీ హై తుమ్హారా" అన్నాడు బాపు. గైడ్ నవ్వలేక చచ్చాడు.

ఫోన్లు పెట్టుకోవడానికి గైడ్ ఒక సంచీ ఇచ్చాడు. బాపు దాన్ని నమ్మలేదు. జేబులోంచి మందపాటి ప్లాస్టిక్ కవరు తీసి నా ఫోన్ అందులో పెట్టి, మడిచి, ఇంకో కవరులో పెట్టి, నోటికి టేపు చుట్టి, తన మెడలో వేసుకున్నాడు. టేపు కూడా తెచ్చుకున్నాడు మరి.

"బాపు, అవ్వ ఫోన్ చేస్తదేమో."

"చేస్తే మోగుతది గదా" అన్నాడు, అక్కడితో ఆ మాట ముగిసినట్టు.

ఇద్దరం కూర్చునే పొడవాటి పడవ. ముందు నేను, వెనక బాపు. మొదట్లో గుండ్రంగా తిరిగాం. తర్వాత బాపుకు లయ దొరికింది. చువ్వలు కట్టేటప్పుడు చేతులు ఎలా ఆడతాయో అలాగే, తొందర లేకుండా, ఆగకుండా. చెట్ల మధ్య కాలవలాంటి దారుల్లోకి వెళ్ళాక గాలి చప్పుడు కూడా ఆగిపోయింది. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, అడుగున పీతలు పక్కకు పరుగెత్తడం కనిపిస్తోంది. చెట్ల చుట్టూ బురదలోంచి వేల వేర్లు పెన్సిళ్ళలా నిటారుగా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"అరె, ఇవి స్టార్టర్ బార్లు గదనే" అన్నాడు బాపు వెనక నుంచి. పిల్లర్ లేపే ముందు పునాదిలోంచి పైకి వదిలే చువ్వల్ని అలా అంటారు. "గని స్పేసింగ్ లేదు. ఎవ్వడు చెక్ చేసిండో."

"నేనైతే రిజెక్ట్ చేస్త" అన్నాను.

"ఇంజనీరువు గాక ముందే రిజెక్ట్ చేస్తున్నవా?"

అది వేళాకోళమే. కానీ ఆ మాట విన్నాక నేను తెడ్డు ఇంకాస్త గట్టిగా వేశాను.

అప్పుడే ఫోన్ మోగింది. మోగడం కాదు, వణికింది. నా వెనక, బాపు గుండె మీద, రెండు కవర్ల లోపల ఈగ చిక్కుకున్నట్టు గుర్రుమంది. ఒకసారి. కాసేపాగి ఇంకోసారి.

"ఫోన్ ఇయ్యరాదు బాపు."

"నడి నీళ్ళల్ల ఏం ఫోన్? ఒడ్డుకు పోయినంక సూద్దువు తియ్యి."

"అవ్వ గావచ్చు."

"అవ్వ యాడికి పోదు."

వెనక్కి తిరిగి లాక్కోవాలంటే పడవ తిరగబడుతుంది. మూడోసారి గుర్రుమంది. నా చేతులు తెడ్డు తిప్పుతున్నాయి గానీ నా ప్రాణమంతా వీపు మీదే ఉంది. ముద్ర పడితే అవ్వ ఒక్కసారి చేస్తుంది. ఇన్నిసార్లు చేస్తోందంటే పడలేదనే అనుకున్నాను. బుధవారానికి సూట్‌కేసు సర్దుకోవాలి. ఊళ్ళో అందరూ 'దుబాయ్‌ల ఇంజనీర్' అనుకుంటున్న మనిషి (మా ఊరికి గల్ఫంతా దుబాయే), ఆరు నెలలకే తిరిగొస్తే ఏమని చెబుతుంది?

చెట్లు దాటి విశాలంగా ఉన్న చోటికి వచ్చాం. దూరంగా లోతులేని నీళ్ళలో ఫ్లెమింగోలు, ఒంటికాలి మీద, లేత గులాబీ రంగులో.

"కొంగలకు రంగేసిండ్రా ఏంది?" అన్నాడు బాపు.

ఇంకొంచెం దగ్గరికి వెళ్దామన్నాను. ఫోన్ చూడలేని భయంలో, కనీసం పక్షులనైనా దగ్గరగా చూడాలనిపించింది. నీళ్ళు వెనక్కి పోయే వేళ అయిందని, తిరుగుదాం రమ్మని గైడ్ అరుస్తూనే ఉన్నాడు. విన్నాను గానీ పట్టించుకోలేదు. పక్షులు లేచి ఎగిరిపోయాయి. మేము తిరిగి చూసేసరికి, వచ్చిన దారిలో జానెడు నీళ్ళే మిగిలాయి. పడవ అడుగు బురదలో కూరుకుపోయి కదలనంది.

"ఉతర్ జావో చాచా, ధక్కా మారో" అని, దిగి తొయ్యమని అరిచాడు గైడ్ అవతల నుంచి.

బాపు ఒక కాలు దించాడు. మోకాలి దాకా దిగబడింది. రెండో కాలు దించబోయి, పట్టుకోవడానికి చేతికి కడ్డీ ఏదీ దొరక్క, మెల్లగా, హుందాగా, ఛాతీ దాకా బురదనీళ్ళలో కూర్చుండిపోయాడు.

"చెప్పిన గదా, హుక్కు ఉండాలెనని" అన్నాడు అలా కూర్చునే.

నేను దూకాను. నేనూ మోకాలి దాకా దిగబడ్డాను. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని లేచాం. బాపు మెడలోని కవరు నీళ్ళు కారుతోంది, లోపల ఫోన్ పొడిగా వెలుగుతోంది. ఈసారి అడగలేదు, చేయి చాపి పట్టుకున్నాను. టేపు ఊడితే గదా. బాపు చుట్టిన టేపు అది. చివరికి కవరు మీద నుంచే వేలితో నొక్కాను. అవ్వ నుంచి వాయిస్ మెసేజ్. పని చేసింది. అవ్వ గొంతు బావిలోంచి వస్తున్నట్టు వినిపించింది.

"ఫోన్ ఎత్తవేందే? ఏడ సచ్చినవ్? ఇగో ఇను. పడ్డది. ముద్ర పడ్డది బిడ్డా. గుండ్రంగ, నీలం రంగుది, వెనకంగ. ఆ మూలను ఎవ్వడు పట్టించుకోలే. నువ్విగ ఇంజనీరువే. ఒక్కటి మాత్రం, బాపుకు చెప్పకు. ఆయన చేసిన ప్లాస్టిక్ పనికి నా గోర్లు వాసినయి. దుకాణపోడు గరం చేసి గుంజబోతే మూలకు చింపిండు. నేను వాని చేతులకెల్లి గుంజుకొని, పొద్దు గూకెదాక కూసోని, బీడీ మూతి మడిచే గోరుతోని సన్నగ లేపిన. గిదంత బాపుకు తెలిస్తే మనసు ఖరాబ్ చేసుకుంటడు. చెప్పకు."

మెసేజ్ అయిపోయింది. బాపు నా పక్కనే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. బాపు మాత్రం తడి చేత్తో ముఖం తుడుచుకుని, ఇంకింత బురద పూసుకుని, "నాకెర్కే" అన్నాడు.

"ఏమెరుక?"

"లామినేషన్ సంగతి. మా రూంల నిజామాబాద్ ఆయన చెప్పిండు, వాళ్ళ అన్న కొడుకుది గిట్లనే అయిందట. రెండు నెలల సంది ఎరుక. నువ్వు చెప్తలేవు, నేను అడుగుతలే. ఇయ్యాల పడవ ఎక్కుదాం అన్నవు, ఇగ పోత బాపు అని చెప్పనీకే తోల్కపోతున్నవనుకున్న. అవ్వ గదే కబురు చెప్తదని ఫోన్ ఇయ్యలే. నీళ్ళ నడుమ గా మాట ఇనబుద్ధి గాలే."

"మరి అడుగద్దా?"

"ఏమని అడగాలె? నేనే ఖరాబ్ చేసిన గదా." మెడలోని సంచీలోంచి కాలిన సేఫ్టీ కార్డు బయటికి తీశాడు. "ప్లాస్టిక్ ఎట్ల ఊడుతదో సూద్దామని దీని మీద ఇస్త్రీ పెట్టిన. వస్తే మీ అవ్వకు ఫోన్ల చెప్దామనుకున్న. ఇదిట్లయింది. సేఫ్టీ ఆఫీసర్ వార్నింగ్ కూడ ఇచ్చిండు, ఇంకో కార్డు చేపిస్తా అన్నడు."

పొద్దున పొయ్యి కాడ పడ్డదన్నాడు. నేను ఆ కార్డును చేతిలోకి తీసుకున్నాను. దాని మూల, అవ్వ చెప్పిన నా డిగ్రీ మూలలాగే, లేచి ఉంది.

గైడ్ బురదలో అడుగులో అడుగు వేసుకుంటూ మా దగ్గరికి వచ్చేసరికి మేమిద్దరం పడవను నెట్టడం మానేసి నిలబడి నవ్వుతున్నాం. ఏమైందని అడిగాడు. బాపు నా భుజం తట్టి చూపించాడు.

"మేరీ బేటీ ఇంజనీర్ హై" అన్నాడు. అప్పటిదాకా ఎప్పుడు చెప్పినా 'ఇంజనీరింగ్ పఢీ హై', చదివింది అని మాత్రమే అనేవాడు.

"ఇంజనీర్ హై, తో పానీ కా టైమ్ క్యోఁ నహీ దేఖా?" అన్నాడు గైడ్.

ఇంజనీరై ఉండి నీళ్ళు తగ్గే వేళ చూసుకోలేదేమని అతని ఎత్తిపొడుపు. అలాగే నిలబడమని గైడ్ తన ఫోన్‌తో మమ్మల్నిద్దరినీ ఒక ఫోటో తీశాడు. తర్వాత ముగ్గురం కలిసి పడవను నెట్టుకుంటూ, ఈడ్చుకుంటూ, నీళ్ళున్న చోటికి చేర్చాం. జర్మన్లు ఒడ్డు నుంచి చప్పట్లు కొట్టారు.

ఒడ్డున కరక్ చాయ్ తాగుతూ బాపు అవ్వకు ఫోన్ చేశాడు. టేపు కోయడానికి గైడ్ దగ్గర కత్తి అడగాల్సి వచ్చింది.

"గోర్లు ఎట్లున్నయే?" ఇదే బాపు మొదటి మాట.

అవతల అవ్వ "చెప్పిందా? దాని నోట్ల నువ్వు గింజ నానదు" అని నన్ను తిట్టింది. నేను చెప్పలేదు, నీ గొంతే చెప్పిందని మేమిద్దరం ఎంత చెప్పినా నమ్మలేదు. ఇప్పటికీ నమ్మదు.

ఆదివారం నాడు అవ్వ పంపిన ముద్ర ఫోటో ఆఫీసులో ఇచ్చాను. ఒరిజినల్ కొరియర్‌లో బుధవారం పొద్దునే వచ్చింది. అవ్వ దాన్ని రెండు అట్టల మధ్య పెట్టి, తన పాత చీర ముక్కతో చుట్టి పంపింది. ఎక్కడా ప్లాస్టిక్ లేదు. వెనక మూడు ముద్రలు వరుసగా ఉన్నాయి, మూల దగ్గర పైపొర లేచిన చోట కాగితం కొంచెం నూగుగా తగులుతుంది. మధ్యాహ్నానికి నా పేరు కింద ట్రైనీ అన్న మాట పోయింది.

ఆ తర్వాతి శుక్రవారం బాపు అల్ ముంతజా వచ్చాడు. డిగ్రీని చేత్తో ముట్టుకోలేదు. బల్ల మీద పెట్టించి, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, మూడు ముద్రలూ చదివాడు. తర్వాత చొక్కా లోపలి నుంచి ఒకటి తీసి నాకిచ్చాడు. గైడ్ పంపిన ఫోటో. బురదలో మేమిద్దరం, వెనక మడచెట్లు, బాపు మెడలో వెలుగుతున్న కవరు. దాన్ని ప్రింటు తీయించి, లామినేషన్ చేయించాడు. అన్నింటిలోకీ మందం కవరు.

"దీనికి ఎవ్వడు ముద్ర ఎయ్యడు గదా?" అన్నాడు.

"ఎయ్యడు బాపు."

"అయితే ఉండనియ్యి."